అడగడం రాని వారి ప్రశ్న

తెలియని విషయాన్ని తెలిసినవారిని అడిగి తెలుసుకోమని దివ్యఖుర్ఆన్ ఆదేశిస్తోంది (అన్ నహ్ల్: 43). ఈ ఆయతును జల్సాల్లోనూ జుమా ప్రసంగాల్లోనూ తరచుగా వింటూనే ఉంటాం. అడగవలసినవారి బాధ్యత గురించి చాలా చెబుతాం. అయితే అడగడానికి వచ్చినవాడికి అడగడమే రాకపోతే జవాబు చెప్పేవాడి బాధ్యత ఏమిటి? దీని గురించి మాట్లాడేవాళ్ళం తక్కువ. ఈ నెల పాఠం దాని గురించే. పాఠంలోకి వెళ్ళేముందు మా తప్పు ఒకటి మీ ముందు ఒప్పుకోవాలి.

విశాఖపట్నంలో గాజువాక వైపు ఒక మసీదులో కొంతకాలం క్రితం ఇషా తర్వాత దర్స్ చెప్పేవాళ్ళం. ఒకనాడు దర్స్ ముగించి చెప్పులు వేసుకుంటున్నాం. ఇరవై ఏళ్ళ కుర్రవాడు, పొడుగు చేతుల చొక్కా, మెట్ల దగ్గర నిలబడి ఉన్నాడు. ఏదో అడగాలనుకుంటున్నాడని ముఖం చూస్తేనే తెలుస్తోంది. నలుగురూ వెళ్ళేదాకా ఆగి, దగ్గరికి వచ్చి గొణిగాడు.

"హజ్రత్ గారండీ, తడవకపోతే నమాజు అవుద్దేటండీ?"

మాకు చిరాకు వేసింది. ఆ రోజు దర్స్‌లో చెప్పిందే వుజూ గురించి. గంటసేపు విని, చివరికి వచ్చి ఈ ప్రశ్న! "వుజూలో కడగవలసిన అవయవం వెంట్రుకంత పొడిగా ఉన్నా వుజూ కాదు, వుజూ కాకపోతే నమాజు కాదు. చిన్నపిల్లలకు తెలిసిన మాట ఇది, ఇప్పుడేగా చెప్పాం" అన్నాం. అతను "సరేనండీ" అని తల వంచుకొని వెళ్ళిపోయాడు.

మేము చెప్పిన మస్‌అలాలో తప్పు లేదు. ఏ ఫిఖ్‌హ్ గ్రంథం తెరిచినా అదే ఉంటుంది. కానీ ఆ చొక్కా చెయ్యి కింద, ఎడమ మణికట్టు నుండి మోచేతి దాకా కట్టు ఉంది. ఒక వెల్డింగ్ షెడ్డులో పని చేస్తూ చెయ్యి కాల్చుకున్నాడు. నీళ్ళు తగలనివ్వవద్దని డాక్టరు చెప్పాడు. ఆ సంగతి అతను చెప్పలేదు. మేము అడగలేదు. ఆ రోజు నుండి అతను నమాజు మానేశాడు. బద్ధకంతో కాదు, మేము చెప్పిన మాట మీద! ఏడు వారాలు గడిచాక జమాఅత్‌లోని ఒక పెద్దాయన, "మౌల్వీ సాబ్, ఆ కుర్రోడు మసీదుకి రావడం మానేశాడేంటి? మీరే నమాజు వద్దన్నారని చెబుతున్నాడు" అంటే గానీ మాకు తెలియలేదు.

అప్పుడు మాకు జ్ఞాపకం వచ్చిన హదీసును మీకు వినిపించాలి. మదరసాలో ఎన్నో సార్లు చదివాం, పరీక్షలో రాశాం. అది మా గురించే అన్న సంగతి మాత్రం ఆ రాత్రే తెలిసింది.

హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖనం ఇది. సుననె అబూ దావూద్‌లో ఉంది. కొందరు సహాబాలు ప్రయాణంలో ఉన్నారు. వారిలో ఒకరికి రాయి తగిలి తల పగిలింది. ఆ రాత్రి ఆయనకు గుసుల్ చేయవలసిన అవసరం ఏర్పడింది. తయమ్ముమ్ చేసుకునే వెసులుబాటు నాకు ఉందా అని తోటివారిని అడిగారు. నీళ్ళు అందుబాటులో ఉన్నాయి కదా, నీకు వెసులుబాటు లేదన్నారు వారు. ఆయన స్నానం చేశారు, ఆ గాయంతోనే మరణించారు. ఈ సంగతి దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం)కు తెలిసినప్పుడు ఎంతో ఆగ్రహించారు. జవాబు చెప్పినవారే ఆయన్ను చంపారన్నారు. తమకు తెలియనప్పుడు వారెందుకు అడగలేదు, తెలియనితనానికి మందు అడగడమే కదా అన్నారు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. "తెలియనితనానికి మందు అడగడమే" అన్న ఈ భావాన్ని మనం ఎప్పుడూ అడిగేవాడికి చెబుతాం. "అడుగు బాబూ, సిగ్గుపడకు" అంటాం. నిజానికి గాయపడిన ఆ సహాబీ అడిగారు! అడగనిది జవాబు చెప్పినవారు. ప్రవక్త (స) మందలింపు వారి మీద పడింది. నీళ్ళు ఉంటే తయమ్ముమ్ చెల్లదన్నది సాధారణ నియమం, అది వారికి తెలుసు. ఆ నియమం ఆ గాయానికి వర్తిస్తుందా లేదా అన్నది వారికి తెలియదు. తెలియదన్న సంగతే వారికి తట్టలేదు.

సరిగా అడగని ప్రశ్నతో వచ్చే అపాయం ఇదే. వినేవాడికి అది చాలా తేలిక ప్రశ్నలా కనిపిస్తుంది. జవాబు నాలుక చివర సిద్ధంగా ఉంటుంది. ఆ జవాబు ప్రశ్నలోని మాటలకు సరిపోతుంది, ప్రశ్న అడిగిన మనిషికి మాత్రం సరిపోదు.

దైవప్రవక్త (స) దగ్గరికి వచ్చినవారిలో అడగడం వచ్చినవారు ఎందరు? ఎడారి పల్లెల నుండి వచ్చినవారు, మాట మొరటుగా ఉండేవారు, మధ్యలో అడ్డుపడేవారు, సిగ్గుతో సగం చెప్పి ఆగిపోయేవారు ఎందరో. హదీసు గ్రంథాలు వారి ప్రశ్నలతోనే నిండి ఉన్నాయి. వారందరినీ "సరిగా అడగడం నేర్చుకొని రండి" అని పంపించి ఉంటే ఈనాడు మన చేతుల్లో సగం ధర్మం ఉండేది కాదు.

హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖించిన ఒక సంఘటన బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఉంది. రమజాను మాసంలో ఒకతను పరుగున వచ్చి, నేను నాశనమైపోయాను అన్నాడు. అంతే! అది ప్రశ్నే కాదు. ఏ మస్‌అలా అడుగుతున్నాడో తెలియదు. ప్రవక్త (స) నిన్ను నాశనం చేసినదేమిటని అడిగారు. ఉపవాసంలో ఉండగా భార్యతో కలిశానన్నాడు. ఒక బానిసకు విముక్తి కలిగించగలవా? లేదు. వరుసగా రెండు నెలలు ఉపవాసం ఉండగలవా? లేదు. అరవై మంది పేదలకు అన్నం పెట్టగలవా? లేదు. కూర్చోమన్నారు. ఇంతలో ఎవరో ఖర్జూరాల బుట్ట తెచ్చారు. అప్పుడు ప్రవక్త (స), ఆ అడిగినవాడు ఎక్కడ అని పిలిచి, ఇవి తీసుకెళ్ళి దానం చెయ్యమన్నారు. మదీనా ఈ అంచు నుండి ఆ అంచు దాకా మాకన్నా పేదవాళ్ళు ఎవరున్నారన్నాడతను. ప్రవక్త (స) పళ్ళు కనిపించేలా నవ్వి, తీసుకెళ్ళి నీ ఇంటివారికే పెట్టమన్నారు.

ఆ మనిషి తనంతట తానుగా పూర్తి విషయం ఒక్కసారీ చెప్పలేదు. ఒక్కొక్క ప్రశ్న వేసి రాబట్టవలసి వచ్చింది. చివరి జవాబు మొదటి జవాబులా లేదు కూడా. అతని పరిస్థితి బయటపడుతున్నకొద్దీ జవాబు మారుతూ వచ్చింది. ఇంకో సంగతి, బుట్ట వచ్చేసరికి ప్రవక్త (స) అతన్ని మరచిపోలేదు. అతని సమస్య ఇంకా తీరలేదన్న ఎరుక ఆయనకు ఉంది.

అడగడమే తెలియనివాడి చేత అడిగించిన సంఘటన కూడా ఉంది. ఒకతను మసీదులో హడావిడిగా నమాజు చేసి వచ్చి సలాం చేశాడు. ప్రవక్త (స) సలాముకు జవాబిచ్చి, వెనక్కి వెళ్ళి నమాజు చెయ్యి, నువ్వు నమాజు చేయలేదన్నారు. అలా మూడుసార్లు జరిగింది. మూడోసారి అతనే, ఇంతకన్నా బాగా చేయడం నాకు రాదు, నేర్పండి అని వేడుకున్నాడు. అప్పుడు మొదటి నుండి చివరి దాకా ప్రతి చర్యనూ నెమ్మదిగా నేర్పారు. మొదటిసారే చెప్పి ఉంటే అతను సగం విని వెళ్ళేవాడేమో! తనకు ఏమి తెలియదో అతనికి తెలిసేదాకా ఆగడం కూడా బోధనే.

మాటకు అడ్డు వచ్చినప్పుడు? దానికీ సున్నత్ ఉంది. ప్రవక్త (స) సభలో మాట్లాడుతుండగా ఒక పల్లెవాసి వచ్చి, ప్రళయం ఎప్పుడని అడిగాడు. ఆయన తన మాట ఆపలేదు. ఆ ప్రశ్న ఆయనకు నచ్చలేదని కొందరు, వినపడలేదని కొందరు అనుకున్నారు. మాట ముగించాక, ప్రళయం గురించి అడిగిన మనిషి ఎక్కడ అని వెతికి మరీ జవాబు చెప్పారు (బుఖారీ). సభ మర్యాదా నిలిచింది, అడిగినవాడి గౌరవమూ నిలిచింది.

ఇక అందరికన్నా పెద్ద సాక్ష్యం అబస సూరా. అంధుడైన హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమ్మె మక్తూం (రజి) వచ్చిన సమయం సరైనది కాదు. ప్రవక్త (స) ఖురైషు నాయకులకు ధర్మసందేశం వినిపిస్తున్నారు. ఆయన అది చూడలేక, నాకు నేర్పండి, నాకు నేర్పండి అని మళ్ళీ మళ్ళీ అడిగారు. ప్రవక్త (స) నొసలు చిట్లించారు. చూపులేని మనిషికి ఆ ముడతలు కనిపించవు కూడా! అయినా ఆకాశం నుండి మందలింపు దిగివచ్చింది. ప్రళయం దాకా నమాజుల్లో పఠించబడే ఆయతులుగా నిలిచిపోయింది. లోకనాయకునికే అలా చెప్పబడితే, మసీదు మెట్ల మీద మేము విసిరిన ఆ మాటకు లెక్క ఎంత ఉంటుందో మీరే చెప్పండి.

ఒక మేలైన ప్రశ్న ఎలా ఉంటుందో కూడా చూద్దాం. విశాఖ ఓడరేవు 1933లో ప్రారంభమైంది. అంతకు ముందు నుండీ ఇది సముద్రం మీద బతికే ఊరు. ఓడల్లో పని చేసే సోదరులు సెలవులకు వచ్చినప్పుడు ఖిబ్లా గురించీ ఖస్ర్ నమాజు గురించీ అడుగుతూ ఉంటారు. వారికి మేము ఈ హదీసు చెబుతాం. ఒకతను ప్రవక్త (స) దగ్గరికి వచ్చి, మేము సముద్ర ప్రయాణం చేస్తాం, మాతో కొంచెమే మంచినీళ్ళు ఉంటాయి, వాటితో వుజూ చేస్తే దాహంతో చావాలి, సముద్రపు నీటితో వుజూ చేయవచ్చా అని అడిగాడు. ఆ నీరు పరిశుద్ధమని చెప్పి, అందులో చనిపోయినది కూడా హలాలేనని ప్రవక్త (స) అదనంగా తెలియజేశారు (మువత్తా, అబూ దావూద్, తిర్మిజీ). ఆ ప్రశ్నను విప్పి చూడండి. మేమెవరం, మా దగ్గర ఏముంది, అడ్డంకి ఏమిటి, మేము అడుగుతున్నది ఏమిటి - నాలుగూ ఉన్నాయి. ఒక్క మాట ఎక్కువ లేదు, ఒక్క మాట తక్కువ లేదు. అడగని విషయం కూడా చెప్పారెందుకంటే, నీటి కోసం అడిగినవాడికి రేపు ఆహారం కోసం కూడా అవసరం పడుతుంది. (ఇది చెప్పగానే మన ఫిషింగ్ హార్బర్ సోదరులు రొయ్యల మాటేమిటని లేస్తారు. రొయ్య చేప కిందికి వస్తుందా రాదా అన్న విషయంలో హనఫీ పండితుల్లో రెండు అభిప్రాయాలున్నాయి. దానికి వేరే పాఠం కావాలి.)

అలాంటి ప్రశ్న ఎంతమంది అడగగలరు? మన మధ్య అయితే ఇంకో చిక్కు కూడా ఉంది. ఉక్కు కర్మాగారం 1992లో జాతికి అంకితమైంది. దాని నిర్మాణకాలం నుండే ఎన్నో రాష్ట్రాల వాళ్ళు వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. ఒకరిది దక్కనీ, ఒకరిది బీహారు హిందీ, ఒకరిది బెంగాలీ. విజయనగరం, శ్రీకాకుళం పల్లెల నుండి వచ్చిన మన సోదరులకు తెలుగు తప్ప మరొకటి రాదు. ధార్మిక పదాలు మాత్రం అరబీ, ఉర్దూల్లో ఉంటాయి. పాకీ, నాపాకీ, నజాసత్ అన్న పదాలు నోరు తిరగక, తెలుగులో చెబితే మౌలానాకు అర్థం కాదేమోనన్న భయంతో, పది మాటల ప్రశ్న రెండు మాటలై బయటికి వస్తుంది. "తడవకపోతే నమాజు అవుద్దేటండీ" అన్నది అలా కుంచించుకుపోయిన ప్రశ్నే.

స్త్రీల ప్రశ్నలైతే మరీను. అడిగేది ఆమె, తెచ్చేది భర్త లేక పదేళ్ళ కొడుకు. దారిలో సగం రాలిపోతుంది. ప్రవక్త (స) కాలంలో ఒక స్త్రీ నెలసరి తర్వాత శుభ్రపడటం గురించి అడిగారు. కస్తూరి పూసిన గుడ్డతో శుభ్రపరచుకోమని ఆయన చెప్పారు. ఎలా అని ఆమె మళ్ళీ అడిగారు. ఆయన సిగ్గుతో సుబ్‌హానల్లాహ్ అన్నారు. అప్పుడు హజ్రత్ ఆయిషా (రజి) ఆమెను తన వైపు లాక్కొని అర్థమయ్యేలా వివరించారు (బుఖారీ). ఆమె ప్రశ్నలో లోపం లేదు, జవాబు చెప్పవలసిన నోరు వేరు. ఇలాంటి ప్రశ్న వచ్చినప్పుడు ఇంట్లో చదువుకున్న ఆలిమా ఉంటే ఆమెకు అప్పగించాలి. ప్రతి జవాబూ మన నోటి నుండే రావాలన్న పట్టుదల మంచిది కాదు.

మన పెద్దలు ఈ విషయాన్ని ఒక విద్యగానే తీర్చిదిద్దారు. ఇమామ్ నవవీ (రహ్మలై - మరణం హిజ్రీ 676, క్రీ.శ. 1277) 'అల్ మజ్మూ' గ్రంథం ముందుభాగంలో ముఫ్తీ మర్యాదలను వివరించారు. అడిగేవాడికి త్వరగా అర్థం కాకపోతే ముఫ్తీ మెత్తగా ఉండాలి, అతని ప్రశ్నను అర్థం చేసుకోవడంలోనూ జవాబును అర్థమయ్యేలా చెప్పడంలోనూ ఓర్పు చూపాలి, దానికి గొప్ప పుణ్యం ఉంది అన్నది వారి బోధన. రాసి తెచ్చిన ప్రశ్నను చివరిదాకా చదవాలట. అసలు ప్రశ్న చివరి ముక్కలోనే ఉంటుంది కనుక అక్కడ మరీ జాగ్రత్తగా ఉండాలట. అనుమానం కలిగించే పదం ఉంటే రాసినవాడినే అడగాలి. అర్థాన్ని మార్చేసేంత తప్పు ఉంటే ముఫ్తీయే దాన్ని దిద్దాలి. చూశారా! ప్రశ్నను దిద్దడం కూడా ముఫ్తీ పనిలో భాగం.

హిందూస్తాన్‌లోని దారుల్ ఇఫ్తాలలో ఈ పద్ధతి నేటికీ ఉంది. ఉర్దూలో ప్రశ్న రాసేవారు ఈ మస్‌అలాలో ఉలమాయె దీన్ ఏమంటారన్న వాక్యంతో మొదలుపెడతారు. మనుషుల అసలు పేర్లు రాయరు. జైద్, బకర్, హిందా అని రాస్తారు. అది ఉత్తి ఆనవాయితీ అనుకునేవాళ్ళం. నిజానికి దాని వల్ల అడిగేవాడి పరువు నిలుస్తుంది, చదివేవాడి మనసు మనుషుల మీదికి పోకుండా విషయం మీద ఉంటుంది. ప్రశ్న అస్పష్టంగా ఉంటే ముఫ్తీ 'తన్‌ఖీహ్' కోరతారు. అంటే, ఫలానా ఫలానా విషయం స్పష్టం చేసి మళ్ళీ పంపమని రాస్తారు. సందేహం కొంచెమే ఉంటే, 'బషర్తె సిహ్హతె సవాల్' అని, అంటే ప్రశ్నలో రాసింది నిజమైతేనే ఈ జవాబు అని షరతు పెట్టి రాస్తారు. ఎంత వినయం! నా జవాబు నీ ప్రశ్న మీద నిలబడి ఉంది, నీ ప్రశ్న మారితే నా జవాబూ మారుతుంది అని ఒప్పుకోవడం అది.

రోజువారీ ఉదాహరణ ఒకటి చెబుతాం. ఉద్యోగం చేసే సోదరులు మమ్మల్ని ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది: "హజ్రత్, పీఎఫ్ హలాలా, హరామా?"

"హలాల్" అంటే తప్పు కావచ్చు, "హరాం" అన్నా తప్పు కావచ్చు. కనుక కూర్చోబెట్టి అడుగుతాం. "భాయ్, మీ జీతంలో కోసేది చట్టప్రకారం తప్పనిసరిగా కోసేదా, మీరు కావాలని పెంచుకున్నదా?" అంటే, చాలామందికి ఆ తేడా ఉందనే తెలియదు. మూల వేతనం, డీఏల మీద పన్నెండు శాతం తప్పనిసరి కోత. అంతకు మించి స్వచ్ఛందంగా కట్టించుకునేది వేరు. తప్పనిసరి కోత ఉద్యోగి చేతికి రాకముందే తెగిపోతుంది. అది అతని స్వాధీనంలోకి రాలేదు కనుక దాని మీద కలిపి ఇచ్చేది వడ్డీ కిందికి రాదని ముఫ్తీ ముహమ్మద్ షఫీ (రహ్మలై) వంటి పెద్దలు తీర్పు చెప్పారు. సొంత ఇష్టంతో పెంచుకున్న భాగంలో వడ్డీ పోలిక ఉంది కనుక దూరంగా ఉండటం మేలన్నారు. ఇదంతా చెప్పాక మేము ఇంకో మాట కలుపుతాం: "ఈసారి ఎవరిని అడిగినా, తప్పనిసరి కోత గురించా, స్వచ్ఛంద కోత గురించా అన్నది ముందే చెప్పండి. తీర్పు అక్కడే తిరుగుతుంది."

ఈ చివరి మాటను మేము చాలా ఆలస్యంగా నేర్చుకున్నాం. వెనుక ఇలా అనేవాళ్ళం: "ప్రశ్న సరిగా అడగండి." దాని వల్ల అడిగినవాడికి అవమానం తప్ప ఏమీ దక్కదు. ఏది సరిగా లేదో అతనికి తెలిస్తే సరిగానే అడిగేవాడు కదా! ఏ ఒక్క వివరం లేకపోవడం వల్ల జవాబు ఆగిపోయిందో ఆ వివరం పేరు చెప్పాలి. అది ఎందుకు కావాలో చెప్పాలి. అప్పుడతను మరుసటిసారి దాన్ని తనంతట తానే తెస్తాడు, పక్కవాడికి కూడా నేర్పుతాడు.

"మధ్యాహ్నం డ్యూటీ ఉంటే జుమా వదిలేయవచ్చా?" అన్నది ఇలాంటిదే. ఆఫీసులో కూర్చునేవాడికి ఒక జవాబు. వెలిగించిన బ్లాస్ట్ ఫర్నేస్‌ను ఇరవై నాలుగు గంటలూ కనిపెట్టుకొని ఉండవలసినవాడికి, తాను కదిలితే ప్రాణాలకో ఆస్తికో ముప్పు వచ్చే చోట నిలబడినవాడికి మరొక జవాబు. అతను జుహర్ చదువుకోవచ్చు. మీ చోట మరొకరు నిలబడే వీలుందా అన్న ఒక్క ప్రశ్నతో సగం చిక్కు విడిపోతుంది.

తలాఖ్ విషయంలో మాత్రం చెప్పులు వేసుకుంటూ జవాబు చెప్పనే కూడదు. "కోపంలో అనేశాను, అయిపోయిందా?" అని ఒకడు వణుకుతూ వస్తాడు. ఏమన్నాడు? 'తలాఖ్' అన్న పదమే అన్నాడా? "పుట్టింటికి పో" అన్నాడా? అలాంటి చాటుమాట అయితే అప్పుడు అతని ఉద్దేశం ఏమిటి? ఎన్నిసార్లు అన్నాడు? అన్న మాటను అన్నట్టుగా, ఏ భాషలో అన్నాడో ఆ భాషలోనే చెప్పించాలి. ఒక్క పదం తేడాతో ఒక ఇల్లు నిలుస్తుంది, ఒక ఇల్లు పోతుంది. పైగా ఒకేసారి మూడు తలాఖ్‌లు పలకడం 2019 చట్టం ప్రకారం మన దేశంలో శిక్షార్హమైన నేరం కూడా. ఇక్కడ మాలాంటివాళ్ళు చేయవలసింది, వివరాలన్నీ రాయించి దారుల్ ఇఫ్తాకు పంపడమే. నాకు తెలియదనడానికి సిగ్గుపడనక్కరలేదు. ఇమామ్ మాలిక్ (రహ్మలై) అంతటివారు ఎన్నో ప్రశ్నలకు తెలియదనే జవాబిచ్చారు.

మరి కొందరు "మా స్నేహితుడొకడు ఉన్నాడండీ" అని మొదలుపెడతారు. ఆ స్నేహితుడు ఎవరో మీకూ తెలుసు, మాకూ తెలుసు. ముసుగు లాగకండి. జైద్ అనుకొని జవాబు చెప్పండి.

ఇంతకీ అన్ని ప్రశ్నలకూ ఇంత ఓర్పు కావాలా అని మీరు అడగవచ్చు. కాదు. సబీగ్ అనేవాడు అస్పష్టార్థం గల ఆయతులను పట్టుకొని ప్రజల్లో సందేహాలు రేపుతూ తిరిగితే, హజ్రత్ ఉమర్ (రజి) అతన్ని శిక్షించారు. అది పాలకుడు చేసిన పని, అతని ఉద్దేశం తేలిన తర్వాత చేసిన పని. మసీదులో ప్రశ్న వేసిన ప్రతి కుర్రవాడూ సబీగ్ కాడు. జరగని విషయాల గురించి అడిగితే హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజి) ముందు, ఇది జరిగిందా అని అడిగేవారు. జరగలేదంటే, జరిగేదాకా వదిలేయమనేవారు. ఇమామ్ షాబీ (రహ్మలై)ని ఒకడు ఇబ్లీసు భార్య పేరేమిటని అడిగితే, ఆ పెళ్ళికి నేను వెళ్ళలేదన్నారట! పొద్దుపోక అడిగేవాడికి ఆ నవ్వు చాలు. అయితే నవ్వే ముందు ముఖం చూడాలి. అడిగినవాడు కూడా నవ్వగలిగే స్థితిలో ఉన్నాడా అని.

ముఖం చూడటం గురించి ఒక ఉల్లేఖనం ఉంది. హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) దగ్గరికి ఒకతను వచ్చి, విశ్వాసిని చంపినవాడికి తౌబా ఉందా అని అడిగాడు. లేదన్నారు. అతను వెళ్ళాక శిష్యులు ఆశ్చర్యపోయారు, ఇంతకు ముందు మీరు తౌబా ఉందని చెప్పేవారు కదా అన్నారు. అతని ముఖంలో కోపం కనిపించింది, ఎవరినో చంపబోతున్నాడని అనిపించిందన్నారు ఆయన. వెంట వెళ్ళి చూస్తే సంగతి అలాగే ఉంది. మాటలు ఒకటే, అడుగుతున్నది మరొకటి.

ఆ కుర్రవాడి దగ్గరికి మేమే వెళ్ళాం. అతను ఉండే గది గుమ్మంలోనే ముందు క్షమాపణ అడిగాం. "అయ్యో, మీరెందుకండీ, నేనే సరిగ్గా చెప్పలేదు" అన్నాడు. కట్టు అప్పటికి సన్నబడింది. ఆరోగ్యంగా ఉన్న భాగాన్ని కడిగి, కట్టు మీద తడి చేత్తో ఒకసారి మసహ్ చేస్తే చాలని, తడి చెయ్యి తగిలితే కూడా హాని అని డాక్టరు చెప్పి ఉంటే హనఫీ మస్‌అలా ప్రకారం అది కూడా మాఫీ అని చెప్పాం. చేసి చూపించమన్నాం. చేశాడు.

తర్వాత పోయిన నమాజుల లెక్కకు కూర్చున్నాం. క్యాలెండరు తీసి చూస్తే యాభై రెండు రోజులు. రోజుకు అయిదు ఫర్జులు, ఒక విత్ర్. మొత్తం మూడు వందల పన్నెండు. ప్రతి నమాజుతో పాటు ఒక ఖజా చదువుకుంటూ పొమ్మన్నాం. అతను ఒక కాగితం మీద గీతలు గీసుకున్నాడు. కాసేపు దాన్నే చూసి, తల ఎత్తి అడిగాడు.

"హజ్రత్ గారండీ, ఈ యాభై రెండు రోజుల్లో శుక్రవారాలు ఏడు ఉన్నాయండి. ఆ ఏడు రోజులూ నేను ఊళ్ళోనే ఉన్నాను, ప్రయాణంలో లేను. ఆ పూటలకి జుమా ఖజా చదవాలా, జుహర్ చదవాలా?"

మేము తిరిగి అడగవలసింది ఏమీ మిగలలేదు. జుమాకు ఖజా లేదని, జుహర్ నాలుగు రకాతులు చదవాలని చెప్పాం. కాగితం మీద ఏడు చోట్ల చుక్క పెట్టుకున్నాడు.